ఏరు దాటిందెవరు

కరెంటు పోతే ఆ షెడ్డులో ఆగనివి రెండే. ఒకటి రింగులమ్మ చేతిలో సుత్తి, రెండోది చిన్న పౌలు నోరు.

ఆ మధ్యాహ్నం కూడా అంతే అయింది. టార్పాలిన్లు కుట్టే షెడ్డది. ఇంకో పదిహేను రోజుల్లో వానలనగా లారీల వాళ్ళూ, గోదాముల వాళ్ళూ అందరూ ఒక్కసారే మీద పడతారు. అలాంటి రోజున మిషన్లన్నీ గుర్రుమని ఆగిపోయాయి. మేస్త్రి పైకి చూసి ఒక తిట్టు తిట్టి, కూర్చోండిక అన్నాడు. టీ అతను కేన్ పట్టుకుని వాసన పట్టినట్టు అప్పుడే దిగాడు.

రింగులమ్మకి కరెంటుతో పని లేదు. టార్పాలిన్ అంచుకి జానెడుకొక చిల్లు పొడవడం, ఇత్తడి రింగు పెట్టడం, కింద దిమ్మె ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేయడం. రెండే. మూడోది పడితే రింగు చీలుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని, అందుకే ఆ పేరు. మొగుడు పోయిన మూడో నెలలో వచ్చి కూర్చుంది ఆ మూల. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ లెక్క తప్పలేదు. ఇంట్లో నెల పిల్లాడు, వాడు పడుకుంటే అందరూ పడుకోవాలి, వాడు లేస్తే అందరూ లేవాలి. నాలుగు రోజులుగా కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది ఆమెకి.

పిల్లాడు ఆమె కొడుక్కి కొడుకు. కొడుకూ అదే షెడ్డులో బట్ట కత్తిరిస్తాడు. ఆదివారం ప్రార్థన మందిరంలో పిల్లాడికి పేరు పెట్టాలి. కోడలు ఏదో కొత్త రకం పేరు అనుకుంది, నోరు తిరగనిది. కొడుకు మాత్రం మా నాన్న పేరే, ఆమోసే, అని పట్టుబట్టాడు. తండ్రి పోయేనాటికి వాడికి రెండేళ్ళు. మొహం కూడా గుర్తులేదు. తండ్రి గురించి వాడికి తెలిసిందంతా చిన్న పౌలు నోటి నుంచి విన్నదే.

చిన్న పౌలంటే ఆ షెడ్డులో చేతికుట్టు పనివాడు, అరవైకి దగ్గరపడ్డాడు. అపొస్తలుడైన పౌలు గుడారాలు కుట్టుకుంటూ ఊరూరా సువార్త చెప్పాడు కదా, ఈయనా గుడారాలే కుడతాడు, వయసులో ఉన్నప్పుడు ఒక్కసారి కొండల మీది ఊళ్ళకి సువార్త చెప్పడానికి వెళ్ళాడు, దాంతో మందిరంలో ఆ పేరు అతుక్కుంది. బైబిల్లో పేర్లకి అర్థాలు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. పేతురంటే రాయి, తబితా అంటే లేడి. ఒకావిడ తెలియక కొడుక్కి యబ్బేజు అని పెట్టుకుంటే, వేదన అని అర్థమమ్మా, జీవితాంతం ఏడుస్తాడు అని చెప్పి మార్పించాడు. పౌలంటే చిన్నవాడని కూడా ఆయనే చెప్పాడు. అయితే నువ్వు చిన్న చిన్నవాడివన్నమాట అని మేస్త్రి అంటే రెండు రోజులు మేస్త్రితో మాట్లాడలేదు.

టీ గ్లాసులు చేతికొచ్చాక కొడుకు అడిగాడు, మా నాన్న పేరుకి అర్థమేంటి బాబాయ్, ఆదివారం నాలుగు మాటలు చెప్పాలి కదా అని.

"బరువు మోసేవాడని అర్థం రా అబ్బాయ్," అన్నాడు చిన్న పౌలు. అని ఒక గుక్క తాగాడు. "బరువంటే గుర్తొచ్చింది. ఆ పుస్తకాల పెట్టె ఎంతుండేదో తెలుసా నీకు?"

రింగులమ్మ రెండు దెబ్బలు వేసి ఇంకో రింగు తీసుకుంది. మొదలైంది, అనుకుంది.

ఆ కథ ఆమెకి కంఠతా వచ్చు. ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరూ గుడారాలు కుట్టేవాళ్ళే, సంఘం పంపితే నలభై రోజులు కొండల మీదికి బయల్దేరారు. ఒక పెట్టెడు పుస్తకాలు, తలదాచుకోవడానికి ఒక టార్పాలిన్. వెళ్ళింది ఇద్దరు, వచ్చింది ఒక్కడు. మొదటి ఏడాది చిన్న పౌలు చెప్పినప్పుడు పెట్టెని ఇద్దరూ మార్చి మార్చి మోశారు. ఏరు ఇద్దరూ దాటారు. అవతల ఊళ్ళో ఆమె మొగుడికి జ్వరమొస్తే పక్కన కూర్చుని, కళ్ళు మూసి, తన చేతుల్తో మట్టి వేసి వచ్చాడు. రెండో ఏడాది పెట్టె ఎక్కువగా చిన్న పౌలే మోశాడు. ఐదో ఏడాదికి పెట్టెతోపాటు ఆమె మొగుణ్ణి కూడా మోశాడు. ఏడాదికింత చొప్పున చిన్న పౌలు పెరుగుతూ వచ్చాడు, ఆమె మొగుడు తరుగుతూ వచ్చాడు.

ఇవాళ పెట్టె మొత్తం చిన్న పౌలు నెత్తి మీదే ఉంది. నలభై రోజులూ కింద పెట్టలేదట. మరి పడుకునేటప్పుడో అని టీ అతను అడిగాడు. నిలబడే పడుకున్నానన్నాడు. ఎద్దులు పడుకోవూ?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు. ఎవరూ అడగలేదు, అయినా ఆయనకి అక్కర్లేదు. చలికి మంట వేద్దామని పుల్లలు ఏరుకొస్తే అందులోంచి ఒక పాము వచ్చి చేతికి కరుచుకుని వేలాడింది, బారెడు పాము కాదు, ఆ మూల నుంచి ఈ మూలకి ఉంటుంది, ఊళ్ళోవాళ్ళంతా వీడిప్పుడు పడతాడు ఇప్పుడు పడతాడు అని చూస్తున్నారు, ఈయన మాత్రం చెయ్యి ఒక్క విదిలింపు విదిలించి పుల్లలు సర్దుకుంటున్నాడు.

"పాము చచ్చిందా?" అన్నాడు మేస్త్రి.

"చావడమేంటయ్యా. నా రక్తం రుచి చూశాక మారుమనస్సు పొందింది. మళ్ళీ ఎవర్నీ కరవలేదు. ఊరి బయట పుట్టలో ఉండేది, పిల్లలు తోక పట్టుకుని లాగినా ఏమనేది కాదు."

దాంతో ఊరివాళ్ళు ఈయన్ని దేవుడే అనుకున్నారట. కాదు బాబూ, నేనూ మీలాంటి మనిషినే అని మొత్తుకున్నా వినలేదట. పక్క ఊరి పెద్దకి ఒళ్ళు మండి జైల్లో వేయించాడట. కాళ్ళు కదలకుండా బొండ కొయ్య బిగించారట. అక్కడ ఈయన ఒక పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణానికి గోడలు కదిలాయి, రెండో చరణానికి తలుపులు ఊడాయి, మూడో చరణానికి చుట్టుపక్కల ఇంకో మూడు జైళ్ళ తలుపులు కూడా ఊడిపోయాయి, అక్కడివాళ్ళకి పాట వినపడను కూడా లేదు పాపం, ఎందుకు ఊడాయో తెలియక లోపలే కూర్చున్నారు.

టీ అతను నవ్వుతూ గ్లాసులు నింపాడు. ఈ కథ ఉంటే రెండో గ్లాసు ఖాయమని అతనికి తెలుసు.

రింగులమ్మకి చదువు లేదు. రెండో తరగతితో అయిపోయింది. కానీ ముప్పై ఏళ్ళ ఆదివారాలు చెవులు మూసుకుని కూర్చోలేదు. పాము మెలితే దీవిలోది. జైలు ఫిలిప్పీలోది. అన్నీ పౌలు గారివే. ఈయన పౌలు గారి అంగీ తొడుక్కుని తిరుగుతున్నాడు, అది భుజాల దగ్గర జారిపోతున్నా తెలియట్లేదు. ఇప్పుడు కిటికీ వస్తుంది చూడు అనుకుంది.

కిటికీ వచ్చింది. పౌలు గారు పొద్దుపోయేదాకా బోధిస్తుంటే కిటికీలో కూర్చున్న కుర్రాడొకడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు కదా, ఐతుకు అని, ఆ పేరుకి అదృష్టవంతుడని అర్థం, చూశారా పడ్డవాడికి ఎలాంటి పేరో. మరి ఈయన బోధించింది మూడు రోజులు. ఆపకుండా. కిటికీల్లోంచి పదకొండుమంది పడ్డారు.

"కొండల మీద మూడంతస్తుల ఇళ్ళెక్కడివి?" అన్నాడు మేస్త్రి.

"ఇల్లు ఒకటే అంతస్తు. కానీ కొండ అంచున కట్టారు."

పదకొండుమందినీ లేపాడు. పన్నెండోవాడు పడకుండానే లేచాడు, వాడు ముందునుంచే పోయి ఉన్నాడట, అదే ఇంట్లో.

అందరూ నవ్వారు. టీ అయిపోయి కత్తెర అందుకున్న రింగులమ్మ కొడుకు కూడా నవ్వాడు. వాడు ఆ కథలు నమ్మేంత వెర్రివాడు కాడు. కానీ ఈ నవ్వుల మధ్యలో ఎక్కడో ఒకచోట తండ్రి కనపడతాడని చిన్నప్పటినుంచీ చెవులు రిక్కించి వినడం వాడికి అలవాటు. ఈసారి కనపడలేదు. అది టీ అతనికే తట్టింది.

"అవును గానీ పౌలు మామా, నువ్వు జైల్లో ఉంటే ఈ అబ్బాయి వాళ్ళ నాన్న ఎక్కడున్నాడు?"

చిన్న పౌలు గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. కథలో అంత బరువు తానొక్కడే మోశాక పక్కన ఇంకో మనిషిని పెట్టే చోటు లేకుండా పోయింది. ఎక్కడ పెడతాడా అని రింగులమ్మ తలెత్తి చూసింది.

"అదే చెప్పబోతున్నా," అన్నాడు. అని గొంతు తగ్గించాడు. పౌలు గారితో మార్కనే కుర్రాడు బయల్దేరాడు, వినే ఉంటారు. దీవి దాటేదాకా బాగానే ఉన్నాడు. అవతల కొండలు కనపడగానే ఇంటికి పోతానన్నాడు, పోయాడు. అలాంటి ప్రయాణం ఎప్పుడు జరిగినా ఒక మార్కు ఉంటాడు. తప్పు పట్టకూడదు. "మా వాడు కూడా అంతే. ఏటి గట్టున కూర్చుని ఏడ్చాడు పాపం. పెళ్ళాం, రెండేళ్ళ పిల్లాడు. నేనే అన్నాను, పోరా, నేను చూసుకుంటా అని. తిరిగి వస్తుంటే దారిలో జ్వరం తగిలింది. నేను అవతల ఉన్నాను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సువార్త ఆ రోజే ఆగిపోయేది."

తిట్టి ఉంటే నయం. జాలిగా చెప్పాడు.

కొడుకు చేతిలో కత్తెర సగం బట్టలో ఆగిపోయింది. "ఏరు దాటలేదా బాబాయ్ నాన్న?" అన్నాడు.

దాటలేదురా, నీకెందుకులే అని ఇన్నాళ్ళూ చెప్పలేదు అన్నాడు చిన్న పౌలు.

కొడుకు కత్తెర మూసి పక్కన పెట్టాడు. కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అన్నాడు.

"నీ కోడలు చెప్పిన పేరు కూడా బాగానే ఉంది కదమ్మా."

రింగులమ్మ సుత్తి మూడో దెబ్బ వేసింది. రింగు చీలింది. దాన్ని పీకి పారేసి, ఇంకోటి తీసుకోకుండా అలాగే కూర్చుంది.

ఆమెకి నిజం తెలిసి ముప్పై ఏళ్ళు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఈ మూల ఆమెకి చూపించింది చిన్న పౌలే. ఓనరు దగ్గరికి తీసుకెళ్ళి, మా వదిన, పని కావాలి అని నిలబడ్డది ఆయనే. సుత్తి ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. తన బాకా ఊదుకునేవాడు ఊదుకుంటాడు, నా ఇంట్లో దీపం ఆర్పట్లేదు కదా అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆర్పాడు. కావాలని కూడా కాదు. కథకి ఒక మార్కు కావలసి వచ్చాడు, అంతే.

చిన్న పౌలుకి షెడ్డులో నిశ్శబ్దం నచ్చలేదు. వెంటనే అందుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా, ఏరు దాటి ఒంటరిగా అవతల గట్టున టార్పాలిన్ కట్టుకుంటే గాలి లేచింది, గాలంటే మామూలు గాలి కాదు, ఇళ్ళ కప్పులు పోతున్నాయి, ఆవులు పోతున్నాయి, ఒక ఆవు పోతూ పోతూ నాకేసి చూసింది కూడా, ఆ గాలికి టార్పాలిన్ ఈ చివర నుంచి ఆ చివరకి చీలింది, వదులుతానా, పట్టుకున్నా, నన్ను కూడా ఎత్తింది, గాల్లోనే కుట్టడం మొదలుపెట్టా, పాము కోర ఒకటి జేబులో ఉంటే అదే సూది, నేను కిందికి దిగేసరికి కుట్టు పూర్తయింది, చూస్తే పై ఊళ్ళో ఉన్నాను, రెండు రోజుల నడక కలిసొచ్చింది.

"దారమో?" అన్నాడు టీ అతను.

"చొక్కా విప్పి పోగులు లాగాను. నమ్మకపోతే చూసుకోండి, అదిగో, ఆ మూల మిషన్ మీద కప్పిందే ఆ టార్పాలిన్. మా వదినే తెచ్చి కప్పింది, కప్పు కారుతోందని. చీలిక బారెడుంటుంది. ఆ కుట్టు నాదే."

"మరిదీ," అంది రింగులమ్మ.

ఆమె ఆ కథ మధ్యలో మాట్లాడ్డం ముప్పై ఏళ్ళలో అదే మొదలు. చిన్న పౌలు తిరిగి చూశాడు.

"ఆ చీలిక ఏరు దాటాక పడిందన్నావు."

"దాటాకే వదినా. అవతల గట్టున."

"దాటింది నువ్వొక్కడివే."

"నేనొక్కణ్ణే. ఇంకెవరున్నారు?"

"మేస్త్రీ, నీకు పుణ్యముంటుంది, ఆ కుట్టు ఏ చేతిదో చూసి చెప్పు."

మిషన్ కుట్టు ఎవరిదైనా ఒకటే. చేతికుట్టు అలా కాదు. రెండు అంచులు కలిపి మీద నుంచి చుట్టి కుట్టేటప్పుడు కుడిచేతి వాటం వాళ్ళ దారం ఒక వైపు వాలుతుంది, ఎడమచేతి వాటం వాళ్ళది రెండో వైపు వాలుతుంది. ఎంత దాచినా దాగదు. ఆ షెడ్డులో మేస్త్రి రోజూ చేసే పనే అది, ఊడొచ్చిన కుట్టు చూసి, ఇది ఫలానా వాడిది అని చెప్పి తిట్టడం. అంతమంది కుట్టుపనివాళ్ళ మధ్య కూర్చుని ఒక కుట్టు నాదని చెప్పుకోవడం చిన్న పౌలు తప్ప ఇంకొకడు చేసే పని కాదు. నోటి ఊపులో చేతి సంగతి మర్చిపోయాడు.

మేస్త్రి లేచి టార్పాలిన్ లాగి వాకిట్లో వెలుతురుకి తెచ్చాడు. పాతదైపోయి అట్టలా బిగుసుకుపోయింది. చీలిక పొడుగూ గోటితో రాస్తూ చివరిదాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఎడమ చేతిది," అన్నాడు.

చిన్న పౌలు కుడిచేతి అరచేతికి అప్పుడు కూడా సూది నెట్టే తోలు పట్టీ ఉంది.

"గాల్లో తలకిందులుగా ఉన్నాను కదా," అన్నాడు. "అందుకే అటు వాలింది."

టీ అతను ఒక్కడే నవ్వి, ఎవరూ నవ్వట్లేదని చూసి ఆపేశాడు. కొడుకు లేచి వాకిట్లోకి వెళ్ళాడు. వాడు కత్తెర పట్టేది ఎడమ చేత్తో. చిన్నప్పటినుంచీ అందరూ ఎక్కిరించేవాళ్ళు, ఎక్కణ్ణుంచి వచ్చిందిరా ఈ వంకర అని. వంగి, ఆ కుట్టు మీద తన బొటనవేలు పెట్టాడు. దారం ఎటు వాలిందో అటే జరిపాడు.

రింగులమ్మ అక్కడ కూర్చునే చెప్పింది, గొంతు పెంచకుండా, సరుకు లెక్క అప్పజెప్పినట్టు. మొగుడు పోయిన రెండు నెలలకి, కొండల మీద తోళ్ళు కొనే అవతల ఊరి వ్యాపారి ఒకడు ఆ టార్పాలిన్ తెచ్చి ఇంట్లో ఇచ్చాడు. మా ఊరివాళ్ళు పంపారని చెప్పాడు. మీ ఆయన ఒక్కడే వచ్చాడమ్మా మా ఊళ్ళకి, నెల రోజులున్నాడు, పొద్దున మా గోతాలు కుట్టిపెట్టేవాడు, సాయంత్రం పుస్తకం చదివేవాడు, జ్వరం వచ్చింది ఆఖరి వారంలో, మేమే మట్టి వేశాం అన్నాడు. ఇంకొకాయన కూడా ఉండాలి కదా అని ఆమె అడిగింది. మాకు ఒక్కడే తెలుసు అన్నాడు వ్యాపారి.

"కళ్ళు మూసింది నువ్వు కాదు. మట్టి వేసింది నువ్వు కాదు. నాకు తెలుసు," అంది. "నువ్వు పామునాడించుకో, జైళ్ళు పడగొట్టుకో, నాకేం అడ్డం లేదు. కానీ ఆయన పేరు పిల్లాడికి పెట్టుకోకుండా చేస్తే మాత్రం ఊరుకోను."

చిన్న పౌలు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నోరు మూసుకుంటే ఆయన మొహం ఇంత చిన్నదా అనిపించింది ఆమెకి.

"నెల్లాళ్ళూ ఎక్కడున్నావు?" అంది.

"మా అక్క ఇంట్లో. తలుపేసుకుని. వాడు పోయాడన్న కబురు కొండ దిగినవాళ్ళ నోట విన్నాకే బయటికొచ్చాను."

"సరే. ఆదివారం పిల్లాణ్ణి నువ్వే ఎత్తుకో. ఆమోసు అని నువ్వే చెప్పు. ఏరు దాటింది వాడి తాత అని, వెనక్కి వచ్చింది నేనని కూడా నువ్వే చెప్పు. మార్కు మాత్రం ఏమైపోయాడు, ముసలితనంలో పౌలు గారే కబురు పెట్టి పిలిపించుకున్నాడు, పనికొస్తాడని. నువ్వూ నాకు పనికొచ్చావు, కాదనను. కానీ ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పకు."

కొడుకు టార్పాలిన్ మడిచి తెచ్చి తల్లి పక్కన పెట్టాడు. కొత్త పేరు సంగతి ఇంక ఎత్తలేదు. కత్తెర తీసుకుని ఆగినచోట నుంచి కత్తిరించడం మొదలుపెట్టాడు.

రింగులమ్మ కొత్త రింగు తీసి చిల్లులో పెట్టింది. "ఏటిదాకా మూడు రోజుల నడక. కాబట్టి మూడో రోజు వెనక్కి తిరిగానని చెప్పు, చాలు," అంది.

చిన్న పౌలు గ్లాసు కింద పెట్టాడు.

"రెండో రోజు వదినా," అన్నాడు. "పొద్దున్నే. వాడు నిద్ర లేవకముందే." ఇంకా ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఆగాడు. "ఆ ఏరు నేను చూడనే లేదు."

ముప్పై ఏళ్ళుగా ఆ ఏట్లో ఆయన ఈదని సుడి లేదు.

సుత్తి ఎత్తినది ఎత్తినట్టే ఉంది రింగులమ్మ చేతిలో.

"ఎంత లోతట వదినా?" అన్నాడు. "ఆ వ్యాపారి ఏమైనా చెప్పాడా?"

ఆమె రెండు దెబ్బలు వేసింది. రింగు సరిగ్గా కూర్చుంది.

"మోకాలి దాకా," అంది.